ముంజెకాయ బండి ఎందుకు గుర్తొస్తోంది? గోదావరి డెల్టాలో ఆట, బొమ్మ, బెంగ

క్లుప్తంగా: గోదావరి డెల్టాలో ఒకప్పటి ఆటవస్తువుల్లో చాలా భాగం కొన్నవి కావు, చేసుకున్నవి. చెట్టు నుంచి వచ్చి రెండు మూడు రోజుల్లో ఎండి విరిగిపోయేవి. దాచుకోవడానికి వస్తువు మిగలలేదు కాబట్టి ఇక్కడివాళ్ళ జ్ఞాపకం కాలాన్ని, చోటును, తోటి పిల్లల్ని పట్టుకుని ఉంది. ఆ మూడూ డెల్టాలో ఎలా మారాయో చూస్తే, పాత బొమ్మల మీద ఇప్పుడు కనిపిస్తున్న మోజుకి కారణం దొరుకుతుంది. కొత్తగా కొన్న చెక్క బొమ్మ ఆ లోటు ఎందుకు తీర్చడం లేదో కూడా తెలుస్తుంది.

ఏటా రెండుసార్లు, సంక్రాంతికి ఒకసారి, వేసవి సెలవుల్లో ఒకసారి, ఫోన్లలో ఒకే రకం వీడియోలు తిరుగుతాయి. ప్యాంటు మడిచి ముంజెకాయ బండి తోస్తున్న నలభై ఏళ్ళ మనిషి, కొబ్బరాకు బూర చుట్టి మనవడి చేతికిచ్చే తాతయ్య, గవ్వలు గిలకొట్టి అష్టాచమ్మా వేసే అత్తలు. చూసినవాళ్ళు రెండు మాటలంటారు. ‘ఆ రోజులే వేరు’ అనేది ఒకటి. ‘ప్రతి తరమూ తన చిన్నతనం గురించి ఇదే చెబుతుంది’ అనేది రెండోది. రెండోదాన్ని తోసేయడానికి లేదు. అయితే డెల్టా విషయంలో మొదటిదానికి కూడా గట్టి ఆధారాలున్నాయి. అవి మనసులో కన్నా చేలల్లో, కాలువ గట్ల మీద ఎక్కువ కనిపిస్తాయి.

## జబ్బుగా మొదలైన బెంగ

పాత రోజుల మీద కలిగే ఈ తీపి బాధకి ఇంగ్లీషులో వాడే నోస్టాల్జియా అన్న మాట వైద్యశాస్త్రంలో పుట్టింది. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సమర్పించిన పరిశోధన వ్యాసంలో దాన్ని తయారుచేశాడు. ఇంటికి తిరిగి రావడం, నొప్పి అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటల్ని కలిపాడు. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళు తిండి మానేసి, నిద్ర పట్టక నీరసించిపోవడం ఆయన చూశాడు. పరాయి రాజుల కొలువులో ఉన్న స్విస్ సైనికుల జబ్బుగా దానికి తర్వాత పేరొచ్చింది.

తెలుగిళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. అమ్మమ్మగారింట్లో దింపిన పిల్లాడికి మూడో రోజు ఒళ్ళు వెచ్చబడితే ‘బెంగపెట్టుకున్నాడు’ అంటారు. మందు వేసేకంటే ముందు అమ్మకి కబురు పెడతారు. హోఫర్ చెప్పిన వైద్యం కూడా చివరికి అదే: ఇంటికి పంపెయ్యడం.

ఇంటి మీది బెంగకి మందుంది. గడిచిన కాలం మీది బెంగకి అలాంటి మందు లేదు, అక్కడికి బస్సులు వెళ్ళవు. అలాంటప్పుడు మనసు ఆ బెంగని ఎందుకు మోస్తూ ఉంటుంది? సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ విల్డ్‌షుట్, కాన్‌స్టంటైన్ సెడికిడిస్, వారి సహచరులు 2006లో ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్నకి కొంత జవాబిచ్చింది. పాత జ్ఞాపకాలు రాయమంటే జనం ఎక్కువగా రాసింది మనుషుల గురించి. కథలో ముఖ్యపాత్ర తామే అయినా చుట్టూ దగ్గరివాళ్ళు ఉన్నారు. ఆ జ్ఞాపకాలు ఎక్కువగా రేగేది మనసు బాగోనప్పుడు, ముఖ్యంగా ఒంటరిగా అనిపించినప్పుడు. గుర్తు చేసుకున్నాక ‘నాకూ మనుషులున్నారు’ అన్న భావన పెరిగింది. అంటే బెంగ జబ్బుగా కంటే జబ్బుకి శరీరం తెచ్చుకునే జ్వరంలాగా పనిచేస్తోంది.

డెల్టా నుంచి ఎన్ని కుటుంబాలు హైదరాబాదుకీ, గల్ఫ్‌కీ, అమెరికాకీ వెళ్ళాయో తెలిసినవాళ్ళకి ఈ వీడియోలు ఎవరు ఎక్కువ చూస్తారో వేరే చెప్పనక్కర్లేదు. వాళ్ళ విషయంలో రెండు బెంగలూ ఒకచోట కలుస్తాయి. ఊరు దూరమైంది. ఊరికి వెళ్ళినా ఆ చిన్నతనం అక్కడ లేదు.

ఒక వాసన తగలగానే ముప్పై ఏళ్ళ కిందటి మధ్యాహ్నం మొత్తం కళ్ళముందుకు రావడానికి మెదడు నిర్మాణమే కారణం. చూపు, వినికిడి, స్పర్శ మెదడులో థాలమస్ అనే మజిలీ దాటాకే ముందుకెళతాయి. వాసన మాత్రం ఆ మజిలీ లేకుండా భావోద్వేగాలకీ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాలకి నేరుగా చేరుతుంది. చెక్కిన ముంజెకాయ పచ్చివాసన, కాలువ కట్టేసినప్పటి బురద వాసన, ఎండు గడ్డిమేటు వాసన: డెల్టాలో ఆట ఎప్పుడూ వీటి మధ్యే జరిగింది.

## మూడు రోజుల బొమ్మ

ముంజెకాయ బండి ఎలా తయారవుతుందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో తాటిగెలలు దింపుతారు. కాయ పైభాగం కత్తితో చెక్కి, బొటనవేలితో ముంజెలు జుర్రుకున్నాక మిగిలిన డొప్పలు మామూలుగా పశువులకి పోతాయి. వాటిలో ఒకే సైజువి రెండు ఏరి, మూరెడు పుల్లకి అటొకటి ఇటొకటి గుచ్చితే చక్రాలు, ఇరుసు సిద్ధం. పంగల కర్ర ఒకటి విరిచి, పంగని ఇరుసు మీద ఆనించి తోస్తే బండి నడుస్తుంది. కాయ పూర్తి గుండ్రంగా ఉండదు కాబట్టి బండి కాస్త ఊగుతుంది. ఇరుసు మధ్యలో గుచ్చుకోకపోతే ఒక పక్కకి లాగేస్తుంది. పుల్ల లావైతే కాయ చీలుతుంది, సన్నమైతే జారుతుంది. ఇవన్నీ ఎవరూ పాఠంగా చెప్పరు. మూడు కాయలు పాడుచేశాక నాలుగోదానికి చెయ్యి తిరుగుతుంది.

రెండు రోజులకి కాయ వాడిపోతుంది. మూడో రోజుకి డొప్ప బిగిసి పగులు వస్తుంది. బండి పారేసి ఇంకోటి చేస్తారు. జూన్ వచ్చేసరికి ముంజెలు ముదిరిపోతాయి, బండి కాలం అయిపోతుంది. మళ్ళీ ఏడాది దాకా అది ఉండదు.

డెల్టా ఆటవస్తువుల్లో చాలావాటి బతుకు ఇంతే. కొబ్బరాకు ఈనె తీసేసి ఏటవాలుగా చుట్టుకుంటూ పోతే బూర. అది సాయంత్రానికి వదులవుతుంది. అదే ఆకు మడిచి అల్లితే చేతికి వాచీ. రెండు ఆకుముక్కలు అడ్డంగా పెట్టి తుమ్మముల్లు గుచ్చి గాలికి ఎదురు పరిగెత్తితే పంకా. రాలిన కొబ్బరి పిందెకి ఈనె గుచ్చితే బొంగరం. ఎండిన కొబ్బరిమట్టని మొదలు దగ్గర చెక్కితే క్రికెట్ బ్యాటు. ఊడిపడిన మట్ట మీద చిన్నవాణ్ణి కూర్చోబెట్టి ఇద్దరు లాగితే రథం. అరటిడొప్ప పడవ, అరటిబోదెల తెప్ప. ఈత నేర్చుకునేవాడి నడుముకి కట్టిన ఎండు కొబ్బరికాయలు.

ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ లాగా భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మల ఊరు డెల్టాలో లేదు. ఇక్కడ బొమ్మల అంగడి చెట్టే. ఆ చెట్లు కూడా తమ వేళకి తమ సరుకు ఇచ్చేవి. వేసవికి ముంజె, వానాకాలం చివరికి తాటిపండు, సంక్రాంతి ముందు తేగ. పిల్లలకి ఏడాది తిరగడం ఆటల వరసగానే తెలిసేది.

పోల్చడానికి ఒక పాత వస్తువుంది. హరప్పా, మొహెంజొదారో తవ్వకాల్లో కాల్చిన మట్టితో చేసిన చిన్న బండ్లు దొరికాయి. అవి మట్టివి కాబట్టి నాలుగు వేల ఏళ్ళు నిలిచాయి, మ్యూజియంలో గాజు పెట్టెల్లో ఉన్నాయి. అదే కాలంలో ఎవరైనా పిల్లవాడు తాటికాయతో బండి చేసి ఉంటే దానికి ఏ ఆనవాలూ మిగలదు. డెల్టా బాల్యంలో చాలా భాగం ఈ రెండో రకం. అటక మీద వెతికితే దొరికే పెట్టె లేదు. గుర్తు చేసుకోవాలంటే చెట్టును, గట్టును, పక్కన పరిగెత్తినవాణ్ణి గుర్తు చేసుకోవాలి.

## ఉత్తుత్తి, తొండి, తూచ్

ఆట ఎందుకు అన్న ప్రశ్నకి ‘కాలక్షేపం’ అనో ‘వ్యాయామం’ అనో చెప్పి వదిలేయడం మామూలు. పిల్లల భాష అంతకంటే లోతుగా ఉంది.

ముందు ‘ఉత్తుత్తి’ తీసుకుందాం. ఇసకతో ఉత్తుత్తి అన్నం, ఆకులతో ఉత్తుత్తి కూర, బొమ్మలకి ఉత్తుత్తి పెళ్లి. ఇసక అన్నం కాదని వడ్డించే పిల్లకీ తెలుసు, తినేవాడికీ తెలుసు. తెలిసే నమలడం నటిస్తారు. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ 1930లలో దృష్టి పెట్టింది సరిగ్గా దీని మీదే. కర్రని గుర్రం అనుకున్న పిల్లవాడు మొదటిసారి వస్తువునీ దాని అర్థాన్నీ విడదీస్తున్నాడని ఆయన వివరించాడు. కర్ర కర్రే, కానీ ఈ ఆట అయ్యేదాకా దాని అర్థం గుర్రం. తర్వాత అక్షరం చూసి శబ్దం అనుకోవడానికీ, అంకె చూసి లెక్క అనుకోవడానికీ ఈ విడదీసే శక్తే పునాది. కొబ్బరిమట్ట ఒక గంట బ్యాటు, ఒక గంట రథం, ఒక గంట తుపాకి అయ్యే చోట ఈ సాధన చాలా జరుగుతుంది. మీట నొక్కితే ఒకే పాట పాడే బొమ్మ దగ్గర అంత జరగదు, ఎందుకంటే అర్థం ఫ్యాక్టరీలోనే ఖాయమైపోయింది.

తర్వాత ‘తొండి’, ‘తూచ్’. ఆటలో మోసం తొండి. చెల్లదు, లెక్కలోకి రాదు అనడానికి తూచ్. ఆట మొదలవడానికి ముందు పంటలు వేసుకుని ‘దొంగ’ ఎవరో తేల్చడం ఒక పద్ధతి. అందరి చేతులూ ఒకేసారి పడతాయి, కాబట్టి పెద్దింటి పిల్లవాడికీ కూలివాడి కొడుక్కీ ఆ క్షణంలో ఒకటే అవకాశం. స్విస్ మనస్తత్వవేత్త జాన్ పియాజె గోళీలాడే పిల్లల పక్కన కూర్చుని, నియమాల గురించి ప్రశ్నలడిగి, 1932లో తన పరిశీలనల్ని ప్రచురించాడు. ఆరేడేళ్ళ పిల్లలు నియమాలు పెద్దల నుంచి వచ్చాయనీ మార్చకూడదనీ నమ్మారు. పది పన్నెండేళ్ళకి వచ్చేసరికి నియమం అంటే అందరూ ఒప్పుకున్నది, అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చు అని గ్రహించారు. న్యాయం అంటే ఏమిటో పిల్లలు ఎక్కువగా తోటివాళ్ళతో గొడవపడి నేర్చుకుంటారని ఆయన వాదన. వీధికో రకం గోళీలాట నియమాలున్న డెల్టా ఊళ్ళలో, పక్క వీధి పిల్లలు ఆడ్డానికొస్తే ముందు పావుగంట ఈ ఒప్పందానికే పోయేది. ఆ పావుగంట వృథా కాదు. ఆటలో కష్టమైన భాగం అదే.

అన్నిటికంటే అందమైన మాట ‘ఆటలో అరటిపండు’. చెల్లెల్ని చూసుకోమని అమ్మ చెప్పింది, ఆటకీ వెళ్ళాలి. చెల్లికి పరుగు రాదు. అప్పుడు ఆమెని అరటిపండు చేస్తారు. ఆటలో ఉంటుంది, పరిగెత్తుతుంది, ముట్టుకున్నా దొంగ కాదు. పెద్దల మాటల్లో ఇది చులకన అయింది గానీ, పిల్లల్లో ఇది ఎవరినీ బయటికి నెట్టకుండా ఆట సాగించుకునే ఏర్పాటు. వయసుల వారీగా విడదీసిన ట్రెయినింగ్ క్యాంపుల్లో ఈ ఏర్పాటుకి చోటు లేదు. ఆరేళ్ళ పిల్ల పన్నెండేళ్ళవాళ్ళని దగ్గర నుంచి చూసి నేర్చుకునే వీలు దానితోపాటే పోతుంది.

కూర్చుని ఆడే ఆటలకి ఇంకో వరస ఉంది. వామనగుంటల పీటకి వైపుకి 7 చొప్పున 14 గుంటలు, పంచడానికి చింతపిక్కలు. తమిళంలో పల్లాంగుళి, కన్నడంలో అళిగుళి మణె. ఇదే కుటుంబానికి చెందిన ఆటలు ఆఫ్రికా అంతటా ఉన్నాయి. నాలుగు గుంటల అవతల ఏం మిగులుతుందో ముందే చూడగల ముసలమ్మలు, బడి మొహం చూడనివాళ్ళు, డెల్టా అరుగుల మీద ఉండేవారు. అది లెక్కే, కాగితం లేని లెక్క.

## తీర్థంలో కొన్న బొమ్మ

అలాగని కొన్న బొమ్మ డెల్టాకి పరాయిది కాదు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘమాసంలో అంతర్వేది కల్యాణం, శివరాత్రికి కోటిపల్లి. జీళ్ళు, ఖర్జూరం దుకాణాల పక్కనే బొమ్మల దుకాణాలు. రంగుకాగితాల పంకా, బుడగ, రేకు డమరుకం, కీ ఇస్తే గెంతే కప్ప, పళ్ళెంలో నీళ్ళు పోసి దీపం వెలిగిస్తే టపటపమంటూ తిరిగే రేకు పడవ. ఏడాదికి ఒకటి కొనిస్తారు. చాలాసార్లు ఇంటికి చేరేలోపే విరిగేది.

కొన్న బొమ్మ అరుదు కాబట్టే దానికి విలువ. ముంజెకాయ బండి మీద ఇప్పుడింత ప్రేమ ఒలికిస్తున్నవాళ్ళలో చాలామంది అప్పట్లో దాన్ని వదిలేసి దుకాణంలో కీ కారు కోసం ఏడ్చినవాళ్ళే. ఈ ఏడుపు చాలా పాతది. శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో రోహసేనుడనే పిల్లవాడు మట్టిబండి వద్దు, పక్కింటి పిల్లాడి దగ్గరున్నలాంటి బంగారు బండి కావాలని ఏడుస్తాడు. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండిలో నింపుతుంది. నాటకం పేరు ఆ మట్టిబండి నుంచే వచ్చింది. తన చేతిలో ఉన్న బొమ్మ చిన్నదనిపించడం ఫోన్లతో మొదలైన జబ్బు కాదు.

‘అచ్చమైన మన ఆటలు’ అన్న మాటని కూడా కాస్త ఆగి చూడాలి. గోళీలకి గాజు గోళీ వచ్చింది వ్యాపారం వెంట. గోలీసోడా సీసాని 1872లో ఇంగ్లండ్‌కి చెందిన హైరమ్ కాడ్ పేటెంట్ చేశాడు. ఆ సీసా పగిలితే దొరికే గోళీ ఎంతోమందికి మొదటి ఆస్తి. సైకిలు టైరుని కర్రతో కొడుతూ ఊరు తిరగడానికి ముందు సైకిలు రావాలి. కాలువ గట్టు ఆటలకి కాలువ కావాలి. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది, ఇప్పటి కాలువల వ్యవస్థ దాని చుట్టూ పెరిగింది. అనాదిగా ఉన్నాయనుకునే జ్ఞాపకాల్లో కొన్నిటి వయసు నూట ఎనభై ఏళ్ళు దాటదు. ఆ మాటకొస్తే 1990లలో పెరిగినవాళ్ళు ఇప్పటికే ప్లాస్టిక్ బ్రిక్ గేమ్‌నీ, కుస్తీవీరుల కార్డుల్నీ బెంగగా తలుచుకుంటున్నారు. చెక్కా ప్లాస్టిక్కా అని చూసి బెంగ పుట్టదు.

పసితనంలో మరో రకం వస్తువు ఉంటుంది, దానికి అందం అక్కర్లేదు. బ్రిటిష్ పిల్లల వైద్యుడు డొనాల్డ్ వినికాట్ 1950ల మొదట్లో దాని గురించి రాశాడు. తల్లి ఒడికీ బయటి ప్రపంచానికీ మధ్య వంతెనలాగా పిల్లలు ఒక గుడ్డనో బొమ్మనో పట్టుకుంటారని, దాన్ని ఉతికినా మార్చినా ఒప్పుకోరని గమనించాడు. తెలుగిళ్ళలో ఆ చోటు ఎక్కువగా అమ్మ పాతచీరది, లేదా ఆ చీరలతో కుట్టిన బొంతది.

## చేను ఖాళీగా ఉండే రోజులు

పట్నంలో ఆటస్థలం అంటే ఒక చోటు. డెల్టాలో ఆటస్థలం ఒక కాలం. సార్వా (వానాకాలపు వరి) కోతలయ్యాక దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పుల దాకా ఒక చిన్న విరామం, అది సంక్రాంతి దగ్గర పడుతుంది. ఏప్రిల్‌లో దాళ్వా కోసేశాక మళ్ళీ వానల దాకా పెద్ద విరామం. ఆ రోజుల్లో చేను ఎవరిదైనా పిల్లలదే. గూటీబిళ్ళ, ఏడుపెంకులాట, క్రికెట్ అన్నీ మోళ్ళ మీదే. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తే మిగిలిన మడుగుల్లో చేపల వేట. ఫోన్లలో వీడియోలు తిరిగే రెండు కాలాలూ సరిగ్గా ఇవే కావడం యాదృచ్ఛికం కాదు. పండగలు, సెలవులు, జ్ఞాపకాలు అన్నీ పంట వదిలిన ఖాళీలోనే మొలిచాయి.

ఆ ఖాళీ ఇప్పుడు తగ్గిపోతోంది. 1980ల నుంచి భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వరిచేలు చేపల చెరువులుగా మారడం మొదలైంది. 2009లో దేశంలో వనామీ రొయ్య సాగుకి అనుమతి వచ్చాక రొయ్యల చెరువులు ఇంకా విస్తరించాయి. రైతు వైపు నుంచి చూస్తే దీనికి కారణం స్పష్టం. వరి మీద మిగలని డబ్బు చెరువు మీద వస్తుందన్న ఆశ. పిల్లల వైపు నుంచి చూస్తే జరిగింది ఇంకొకటి. వరిచేను ఏడాదిలో కొన్ని నెలలు నేలగా ఉంటుంది, చెరువు ఎప్పుడూ నీళ్ళే. చుట్టూ వల, కాపలా, కరెంటు తీగలు. ఏ లెక్కల్లోనూ ‘ఆటస్థలం’ అని రాసి లేని భూమి కాబట్టి అది పోయినట్టు కూడా ఎక్కడా నమోదు కాలేదు.

దీనికి తోడు మరికొన్ని మార్పులు. కాలువ గట్ల మీది రోడ్లలో బళ్ళు, లారీలు పెరిగాయి. అరుగులు కొట్టేసి ప్రహరీలు కట్టారు. తాటిచెట్లు ఎక్కేవాళ్ళు తగ్గారు. ఇంటికి ఒకరిద్దరే పిల్లలు కావడంతో పన్నెండేళ్ళవాడికీ ఆరేళ్ళవాడికీ జట్టు కలవడం లేదు. హైస్కూలు దాటకముందే ఫౌండేషన్ క్లాసులు, తర్వాత హాస్టలు, ర్యాంకు టెన్షన్. ఫోన్ వీటన్నిటి తర్వాత వచ్చింది. అప్పటికే ఖాళీ అయిన సాయంత్రంలోకి వచ్చి కూర్చుంది. తప్పంతా ఫోన్ మీద వేస్తే మిగతా వరసంతా కనిపించకుండా పోతుంది.

పీటర్ గ్రే, డేవిడ్ లాన్సీ, డేవిడ్ బ్యోర్క్‌లండ్ 2023లో ఒక పిల్లల వైద్య పత్రికలో రాసిన సమీక్షలో, పెద్దల పర్యవేక్షణ లేకుండా పిల్లలు తిరిగే, ఆడే అవకాశాలు దశాబ్దాలుగా తగ్గిపోవడం వాళ్ళ మానసిక ఆరోగ్యం దెబ్బతినడానికి ముఖ్యకారణాల్లో ఒకటని వాదించారు. ఆ ఆధారాలు ప్రధానంగా అమెరికావి. డెల్టాకి వాటిని ఉన్నవున్నట్టు అతికించలేం. కానీ తగ్గిపోతున్నది ఒకటే: పెద్దవాళ్ళు చూడని సమయం.

## జ్ఞాపకం వదిలేసేవి

జ్ఞాపకం ఏరుకుంటుంది. ‘అందరం కలిసి ఆడుకునేవాళ్ళం’ అన్న మాటలో ‘అందరం’ ఎవరో అడగాలి. పంటలు వేసేటప్పుడు చేతులన్నీ సమానమే, కానీ ఆ గుంపు దాకా రాగలిగినవాళ్ళకే. దళితపేట పిల్లలు ఊళ్ళో పిల్లలతో ఆడ్డానికి అడ్డుచెప్పిన ఇళ్ళు తక్కువేం కాదు. గేదెలు కాసే పిల్లవాడికి ఆట అంటే పని మధ్యలో దొరికిన తీరిక, కన్ను గేదె మీద, చెయ్యి గోళీ మీద.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పుకోవాలి. లక్కపిడతలు, గుజ్జనగూళ్ళు, బొమ్మల పెళ్ళిళ్ళు ముచ్చటైన ఆటలే. అవి వంటింటికి ముందస్తు శిక్షణ కూడా. తొక్కుడుబిళ్ళ, చెమ్మచెక్క పెరట్లోనో వాకిట్లోనో. కాలువ గట్టు, తాటితోపు ఎక్కువగా మగపిల్లల రాజ్యం. వయసొచ్చిందనగానే ఆమె ఆట ఒక్క రోజులో ఆగిపోయేది. ముంజెకాయ బండి వీడియోల్లో మగవాళ్ళు ఎక్కువ కనిపించడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. ఇప్పుడు డెల్టా ఊళ్ళలో ఆడపిల్లలు సైకిళ్ళ మీద హైస్కూలుకి వెళ్ళడం మామూలు దృశ్యం. పాత రోజుల్ని మెచ్చుకునేటప్పుడు ఈ లాభాన్ని మరిచిపోవడం అన్యాయం.

కాలువలో మునిగిపోయిన పిల్లల జ్ఞాపకం కూడా ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. గట్టు మీదికి వెళ్ళొద్దనే తల్లి భయానికి ఆధారం ఉంది.

## ఇక ముందు ఏం జరగవచ్చు

మొదటిది ఇప్పటికే జరుగుతోంది. బెంగకి బజారు ఏర్పడింది. కేంద్రం 2020లో బొమ్మల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి నాణ్యతా ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు తప్పనిసరి చేసింది, నమోదైన హస్తకళాకారుల బొమ్మలకీ భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ మినహాయింపునిచ్చింది. 2017లో ఆ గుర్తింపు పొందిన ఏటికొప్పాక లక్కబొమ్మలకి ఇది మేలు చేసే ఏర్పాటు. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రని తిప్పి, లక్కతో, సహజ రంగులతో చేసే ఆ బొమ్మలు నిలవాలి, ఆ చేతులకి పని దొరకాలి. అయితే అవి డెల్టా బెంగని తీర్చలేవు. సంక్రాంతి బొమ్మల కొలువులో అందంగా ఉంటాయి. చేసుకోవడం, పాడవడం, మళ్ళీ చేసుకోవడం అన్న చక్రం వాటిలో లేదు.

రెండోది, చేతిపని తెగిపోవడం. కత్తి పట్టడం, ముడి వేయడం, ఈనె తీయడం తాతల దగ్గరుంది, మనవళ్ళకి చూసే వీలు లేదు. మధ్య తరం వీడియో తీస్తోంది. వీడియో తీసే రోజే పిల్లవాడి చేతికి కాయ ఇచ్చి, మొదటి మూడూ పాడుచేయనిస్తే ఫలితం వేరుగా ఉంటుంది.

మూడోది మాటలు. తొండి, తూచ్, పంటలు, అరటిపండు అన్నవి ఆట నడిచినంత కాలమే నడుస్తాయి. పుస్తకంలో దాస్తే నిఘంటువుకి పనికొస్తాయి, గొడవకి పనికిరావు.

ఇప్పటి పిల్లలు పెద్దయ్యాక దేన్ని తలుచుకుంటారు? జ్ఞాపకం పనిచేసే తీరు మారదు కాబట్టి, తోడు ఎక్కడ దొరికితే అక్కడే వాళ్ళ బెంగ నిలుస్తుంది. సాయంత్రం గుడి మెట్ల మీద నలుగురు కలిసి ఒకే ఫోన్‌లో ఆడుకునే పిల్లలు రేపు ఆ మెట్లనే గుర్తు చేసుకుంటారు. గదిలో ఒక్కడే ఆడుకున్నవాడికి గుర్తు చేసుకోవడానికి మనుషులు తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంటకి మించి తెర వద్దని, ఏడాది పిల్లలకి అసలు వద్దని సూచించింది. గంటలతోపాటు పక్కన ఎవరున్నారన్నది కూడా లెక్కలోకి రావాలి.

ప్రభుత్వం వైపు చేయగలిగింది చాలావరకు కాగితం మీద ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడికి ఆటస్థలం ఉంది. ఆట పిల్లల హక్కని చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణాన్ని భారతదేశం 1992లోనే ఒప్పుకుంది. చెరువులు పెరిగిన ఊళ్ళలో మిగిలిన ఖాళీ నేల ఎక్కువగా బడిదే. సాయంత్రం బడి వదిలాక, ఆదివారాలు, వేసవిలో ఆ గేటుకి తాళం ఉంటుందా, ఉండదా అన్నది పంచాయతీ స్థాయిలో తేలే విషయం. దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. తాళంచెవి ఎవరి దగ్గరుండాలి, చీకటి పడేదాకా ఎవరు చూసుకోవాలి అన్న ఒప్పందం చాలు.

2024 నుంచి జూన్ 11ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ ఆటల దినంగా పాటిస్తోంది. పిల్లలు ఆడుకునే ఆటల కోసం పెట్టిన రోజు అది, పోటీల కోసం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో బడులు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. అంటే డెల్టాలో ఆ రోజు సెలవుల చివరి రోజుల్లో పడుతుంది. ముంజెలు ముదిరిపోయి ఉంటాయి, కాలువలకి నీళ్ళు వదిలి ఉంటారు, సార్వా నారుమళ్ళ పని మొదలై ఉంటుంది. ఇక్కడి పిల్లల ఆటల రోజు అప్పటికి ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయింది, మొదటి గెల దింపిన రోజున.